హిల్లా అడిగిన కానుక

రౌతలంపి,
మార్చి మొదటి ఆదివారం.

విర్పీ,

ఎలా ఉన్నావు తల్లీ? అల్లుడు తాపియో నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ మంచు ఇంకా కిటికీ అంచు దాకా ఉంది. సరస్సు గట్టిగా గడ్డకట్టే ఉంది, జనం దాని మీదుగానే నడిచిపోతున్నారు. పొద్దున పక్కింటి ఔలిస్ మంచుకు కన్నం పొడిచి చేపలు పట్టాడు. మాకూ కాసిని ఇచ్చిపోయాడు.

అసలు సంగతికి వస్తాను. జూన్‌లో మన హిల్లాకు ఐదేళ్ళు నిండుతాయి. పోయినేడాది లాగా కాకూడదని ఈసారి ముందే అడుగుతున్నాను. మీ నాన్న పంపిన పెట్టెను నువ్వు విప్పకుండానే తిప్పి పంపావు. ఆయన "అడ్రసు తప్పు రాసుంటావు ఇర్యా" అని మాత్రం అన్నాడు. నేను కూడా అవునన్నాను.

ఈసారి ఒక చెక్కగుర్రాన్ని చూసిపెట్టాడు. ఊగే గుర్రం. ఎవరో పాత సామాన్ల దగ్గర వదిలేసి పోయారట. ఒక చెవి లేదు, అంతే. మిగతాదంతా గట్టి చెక్క. చెవి తనే చేసి అతికిస్తాడట. వసారాలో పెట్టుకుని రోజూ తుడుస్తున్నాడు. పంపమంటావా? పిల్లకు బాగుంటుందేమో. ఆలోచించు, ఇప్పుడే కాదనకు.

ఫోను చేయకు, ఉత్తరం రాయి. ఫోనులో అయితే ఆయన పక్కనే నిలబడతాడు. నువ్వేమన్నావో తర్వాత నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటాడు. ఉత్తరమైతే రోడ్డు మలుపులో తపాలా పెట్టె దగ్గరే నిలబడి చదువుకుంటాను.

మీ అమ్మ.


హెర్వంతా, తంపెరే,
మార్చి 14.

అమ్మా,

గుర్రం వద్దు. చెవి ఉన్నా వద్దు, లేకపోయినా వద్దు.

మా ఇల్లు నువ్వు చూసిందే. రెండు గదులు, ఒక వంటిల్లు. ఈ ఇంట్లో నా పద్ధతి ఒక్కటే. లోపలికి ఒక వస్తువు వస్తే ఇంకొకటి బయటికి పోవాలి. తాపియో నవ్వుతాడు. "నేను కొత్త బూట్లు కొనుక్కుంటే నన్ను పంపించేస్తావా?" అంటాడు. నవ్వనీ.

పోయిన వారం మా అత్తగారు వచ్చింది, రెండు చేతులా సంచులతో. "పుట్టినరోజుకు కాదులే, ఊరికే తెచ్చా" అంది. ప్లాస్టిక్ వంటింటి సామాను. దాంట్లో కుళాయి ఒకటి, నొక్కితే నీళ్ళ చప్పుడు వస్తుంది, నీళ్ళు మాత్రం రావు. "అత్తయ్యా, ఇదెక్కడ పెట్టమంటారు?" అన్నాను. "ఇల్లంతా ఖాళీయేగా తల్లీ, ఆస్పత్రిలా ఉంది" అంది. ఆవిడ బస్సెక్కగానే దాన్ని తీసుకెళ్ళి డేకేర్‌లో ఇచ్చేశాను. ఇప్పుడు హిల్లా రోజంతా అక్కడ ఆ కుళాయే నొక్కుతోందట. నా ఇంట్లో అయితే లేదు కదా.

నీకు ఇవ్వాలని ఉంటే అయిపోయేది ఏదైనా ఇవ్వు. తిని అయిపోయేది, చూసి అయిపోయేది. బొమ్మలాటకు టికెట్టు కొను. ఈతకొలనుకు తీసుకెళ్ళు.

ఇంకొకటి, నీకే చెబుతున్నాను. మొన్న దుప్పటి మారుస్తుంటే హిల్లా దిండు కింద పైన్ చెట్టు కాయలు కనిపించాయి. గుప్పెడు. నాకేమైందో తెలీదు, పిల్ల మీద విరుచుకుపడ్డాను. అది ఏడవలేదు. "ఇవి చిన్నవే కదమ్మా" అంది. నాన్న అచ్చం ఇదే మాట అంటూ పాత సామాన్లు నా మంచం మీద ఒక్కొక్కటే పేర్చేవాడు, గుర్తుందా? "ఇది చిన్నదే కదా విర్పీ." కాయలన్నీ కింద చెత్తడబ్బాలో పోసి వచ్చి, స్నానాల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బల్ల మీద ఎవరైనా కప్పు మర్చిపోయినా నాకు ఊపిరాడదమ్మా. తాపియో ఇప్పుడు కాఫీ తాగుతూ తాగుతూనే కప్పు కడిగేస్తున్నాడు. ఇదీ ఒక జబ్బేనేమో.

చేపలు ఎక్కడ వండావు?

విర్పి.


రౌతలంపి,
మార్చి చివర.

విర్పీ,

చేపలు వెన్నలో వేయించాను. ఇంకెలా వండుతారు?

గుర్రం పంపను, నిశ్చింతగా ఉండు. మీ నాన్నతో "వాళ్ళది మూడో అంతస్తు, మోసుకెళ్ళడం కష్టం" అని చెప్పాను. "అయితే ఇక్కడే ఉంటుంది. పిల్ల ఎప్పుడైనా వస్తుంది కదా" అన్నాడు. గుర్రం ఇప్పుడు వసారాలోనే ఉంది. తలుపు కొంచెం వారగా తెరవాల్సి వస్తోంది, అంతే.

యాలకుల రొట్టె చేసి పంపుదామనుకున్నాను. దారిలో ఎండిపోతుందేమోనని మానుకున్నాను. అంగట్లో కూడా బాగానే దొరుకుతుందిలే.

నేను బాగున్నాను. ఈమధ్య కుర్చీలోనే నిద్రపోతున్నాను, నడుముకు హాయిగా ఉంటోంది. డాక్టరు కూడా అదే మంచిదన్నాడు.

పిల్ల మీద అరిచినందుకు బాధపడకు. నువ్వు మంచి తల్లివి. అయితే ఒక మాట. అది వద్దు, ఇది వద్దని నువ్వంటున్నావు, ఇది పంపుదాం, అది పంపుదామని మేమంటున్నాం. పుట్టినరోజు పిల్లది. దానికేం కావాలో ఎవరైనా అడిగారా?

మీ అమ్మ.


హెర్వంతా,
ఏప్రిల్ 9.

అమ్మా,

అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

డేకేర్‌కు వెళ్ళేముందు తల దువ్వుతూ అడిగాను.

"పుట్టినరోజుకు ఏం కావాలే నీకు?"

"ఏదైనా అడగొచ్చా?"

"వస్తువు కాకుండా ఏదైనా."

కాసేపు కూడా ఆలోచించలేదు. "అయితే అమ్మమ్మ ఇంట్లో ఒక రాత్రి పడుకుంటా" అంది.

"అమ్మమ్మ ఇల్లు దూరం కదా."

"డేకేర్‌లో హెల్మీ వాళ్ళ అమ్మమ్మ ఇంకా దూరం. విమానమెక్కి పోవాలి. అది ఎన్నిసార్లు పోయిందో! మన అమ్మమ్మకు ఇల్లు లేదా?"

"ఉంది."

"మరి ఎప్పుడూ తనే ఎందుకొస్తుంది? పొద్దున వచ్చి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతుంది."

ఇల్లు బాగుచేయిస్తున్నారని చెప్పాను. "ఎప్పుడైపోతుంది?" అంది. జడ బిగించి అల్లి, "కదలకు" అన్నాను.

అమ్మా, నేను కోరింది ఏమిటి? ఇంట్లో చోటు పట్టని కానుక. పిల్ల సరిగ్గా అదే అడిగింది. ప్రపంచంలో నేను ఇవ్వలేనిది అదొక్కటే.

డాక్టరు కుర్చీలో పడుకోమన్నాడని నన్ను నమ్మమంటావా? ఉన్నది ఉన్నట్టు రాయి. పొయ్యి దాకా దారి ఉందా? నీ మంచం మీద పడుకుంటున్నది ఎవరు, నువ్వా, పత్రికలా? యుద్ధంలో సరిహద్దు అవతలి ఇల్లు వదిలేసి, నాన్న చిన్నప్పుడు ఒక్క మూటతో వచ్చాడన్న కథ మాత్రం మళ్ళీ రాయకు. ఆ కథకు జాలిపడుతూనే నేను పెద్దదాన్నయ్యాను. పదహారేళ్ళకే చదువు వంకతో తంపెరే ఎందుకు వచ్చేశానో నీకు తెలుసు.

నిన్ను ఏమీ చేయమనడం లేదు. నువ్వు అడగమన్నావు కాబట్టి రాశాను.

విర్పి.


రౌతలంపి,
ఏప్రిల్ 15.

విర్పీ,

రానీ! దానికి చెప్పు, అమ్మమ్మ రమ్మందని చెప్పు. నీ గది సిద్ధం చేస్తాను. అప్పుడే మొదలుపెట్టాను కూడా, నీ మంచం కాళ్ళు కనబడుతున్నాయి. జూన్ అంటే ఇంకా చాలా రోజులుంది. మీ నాన్న ఈమధ్య హుషారుగా ఉన్నాడు, మంచు కరగగానే పడవకు తారు పూస్తాడట.

నువ్వు అడిగినవాటికి తర్వాత తీరిగ్గా రాస్తాను. చేతినిండా పని.

అమ్మ.


హెర్వంతా,
ఏప్రిల్ 29.

అమ్మా,

నా గది తలుపు తెరుచుకుందా? ఎంత తెరుచుకుంది? నువ్వు పక్కకు తిరిగి దూరితే పట్టేంతా, మనిషి మామూలుగా నడిచేంతా?

హిల్లాకు నేనింకా ఏమీ చెప్పలేదు. ఆశ పెట్టి తీర్చకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు నాతో చదివే రిత్వాను ఇంటికి తీసుకురమ్మని నువ్వే అన్నావు. "ముందు గది ఖాళీ చేయిస్తా, తీసుకురా" అన్నావు. అది వచ్చి గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. "మీరు ఇల్లు మారుతున్నారా?" అంది. మర్నాడు బడిలో అందరూ అదే ప్రశ్న అడిగారు. నీ మీద కోపంతో రాయడం లేదు. హిల్లాను ఆ గుమ్మంలో నిలబెట్టలేను.

నిన్న మంగళవారం ఆగలేక ఫోను చేశాను. వద్దన్నావని తెలుసు. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. బయట ఉన్నారా?

వి.


రౌతలంపి,
మే 4.

విర్పీ,

నువ్వు ఫోను చేసినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. మోత వినబడింది. ఎత్తలేకపోయాను.

మొదటి నుంచి రాస్తాను. నీ గది నిజంగానే ఖాళీ చేశాను. మీ నాన్న ఒడ్డున పడవ పనికి వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెంగా సంచుల్లో కట్టి కొట్టం వెనకాల పెట్టాను. ఔలిస్ తన ట్రాక్టరులో పట్టుకుపోతానన్నాడు. మంచం బయటపడింది. నీ నీలం దుప్పటి అడుగునే ఉంది, నువ్వు మడిచిపెట్టిన మడతలోనే. దాని మీద కాసేపు కూర్చున్నాను కూడా.

అంగడికి వెళ్ళి పాలు తెచ్చుకునేసరికి అన్నీ తిరిగొచ్చాయి. పాడైన రేడియోలు, దారపు ఉండలు, కడిగి పెట్టిన పెరుగు డబ్బాలు, అన్నీ మంచం మీదే. మీ నాన్న పక్కన నిలబడి ఉన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ముందు నన్ను అడగొచ్చు కదా ఇర్యా" అన్నాడు.

"అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను. అయినా అడగాలి కదా." కళ్ళ నిండా నీళ్ళు.

మంగళవారం పొద్దున నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నడవాలో పత్రికల కట్ట ఒకదాన్ని పట్టి లాగాను, అడుగుది. పైనున్నవన్నీ నా మీదికి వచ్చాయి. గోడకూ వాటికీ మధ్య ఛాతీ దాకా ఇరుక్కుపోయాను. ఊపిరి ఆడుతోంది, కదలడానికి మాత్రం లేదు. అప్పుడే ఆ కట్టల కింద ఎక్కడో ఫోను మోగింది. నువ్వేనని తెలుసు, మాకు ఇంకెవరు చేస్తారు? ఆగిపోయేదాకా విన్నాను.

మీ నాన్న పరుగెత్తుకొచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "భయపడకు, తీసేస్తా" అన్నాడు. తీశాడు. ఎలా తీశాడో చెబితే నీకు అర్థమవుతుంది. ఒక కట్ట ఎత్తుతాడు, దాని మీద ఏ ఏడాదో చూస్తాడు, ఏ వరసలో పెట్టాలో ఆలోచిస్తాడు, పెట్టి మళ్ళీ వస్తాడు. తాడు తెగిన కట్టను మోకాలి మీద పెట్టుకుని మళ్ళీ ముడి వేశాడు.

"కాలెర్వో, పక్కకు విసిరెయ్" అన్నాను.

"చెదిరిపోతాయి. ఒక్క నిమిషం ఓర్చుకో" అన్నాడు.

ఆయనకు నా మీద ప్రేమ లేదని కాదు విర్పీ. మధ్యమధ్య వచ్చి నా తల నిమిరాడు, నీళ్ళు తాగించాడు. కానీ నాకంటే ముందు ఆ కట్టలు ఉన్నాయి. ఆ వరసలో నా వంతు వచ్చేదాకా గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాను. దెబ్బలేమీ తగల్లేదు, కమిలిపోయిందంతే.

ఇక నువ్వు అడిగినవి. పొయ్యి దాకా దారి లేదు. ఎప్పుడు మూసుకుపోయిందో కూడా సరిగ్గా గుర్తులేదు. చేపలు వసారాలో కుర్చీ మీద కరెంటు పొయ్యి పెట్టి వండాను. పొగగొట్టం శుభ్రం చేసే అతను గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయాడు. మంచం మీద పడుకునేది నేను కాదు. డాక్టరు దగ్గరికి నేను వెళ్ళనే లేదు.

హిల్లాకు చెప్పకపోవడమే మంచిదైంది.

అమ్మ.


హెర్వంతా,
మే 7.

అమ్మా,

ఈ శనివారం కాక వచ్చే శనివారం వస్తున్నాం. తాపియో సెలవు అడిగాడు. ఒక్క సంచి సర్దుకో, చాలు. హిల్లా గదిలో నీకు మంచం వేస్తాం. దానికి పుట్టినరోజు కానుక ముందే వచ్చినట్టు అవుతుంది. నాన్న సంగతి తర్వాత చూద్దాం. ఊళ్ళో వృద్ధుల సహాయం వాళ్ళకు ఫోను చేశాను. ఆయన ఒప్పుకుంటే తప్ప ఇంట్లో అడుగుపెట్టలేరట. ఆయన ఒప్పుకోడు. ఆయన ఒప్పుకునేదాకా నువ్వు అక్కడ ఉండొద్దు.

కాదని రాయకు. 

విర్పి.


రౌతలంపి,
మే 11.

విర్పీ, నా తల్లీ,

శనివారం రావద్దు. పుట్టినరోజుకు రండి.

నీ ఇంట్లోకి ఒకటి వస్తే ఒకటి పోవాలి కదా, నేను వస్తే ఏది పోతుంది? నవ్వులాటకే అంటున్నాను, కానీ కొంచెం నిజం కూడా. ఇక్కడ కప్పు పెట్టడానికి చోటు లేదు. అక్కడ కప్పు పెట్టడానికి నాకు ధైర్యం చాలదు. నువ్వు ఏమీ అనవు, నాకు తెలుసు. కప్పు వైపు చూస్తావంతే. నాకోసం నువ్వు, నీకోసం నేను నోరు మూసుకుంటే, పిల్ల మధ్యలో నలిగిపోతుంది. పైగా ఆయన ఒక్కడే ఉంటే చలికాలంలో ఆ కట్టల మధ్య కొవ్వొత్తి వెలిగిస్తాడు. నేను ఉన్నా కష్టమే, వెళ్ళినా కష్టమే. ఎటూ కదలనివ్వదు ఈ ఇల్లు.

అయినా ఒక ఆలోచన వచ్చింది. ఒడ్డున ఆవిరి స్నానాల సౌనా ఉంది కదా. నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ పాత తలుపులు, కిటికీ చట్రాలతో కిక్కిరిసి ఉంది, కాబట్టి అదొక గది అని నీకు గుర్తుండదు. నాకు ఉంది. పెళ్ళయిన కొత్తలో మీ నాన్న ఈ స్థలంలో మొదట కట్టింది దాన్నే. ఇల్లు లేచేదాకా ఆ వేసవంతా అందులోనే కాపురం ఉన్నాం. ఆవిరి గది, దానికి ముందు బట్టలు మార్చుకునే చిన్న గది. రెండు పళ్ళేలు, ఒక గిన్నె, ఒక పరుపు. నాకు ఇంకేదీ గుర్తులేదు, ఎందుకంటే ఇంకేదీ లేదు.

ఈసారి దొంగతనంగా చేయలేదు. వెళ్ళి అడిగాను.

"కాలెర్వో, సౌనా ఖాళీ చేయాలి. ఏదీ పారేయను. బయట గడ్డి మీద పేర్చి టార్పాలిన్ కప్పుతాను."

"ఎందుకు?"

"హిల్లా పుట్టినరోజుకు మన ఇంట్లో ఒక రాత్రి పడుకుంటానంది. అదొక్కటే అడిగింది."

"నా గుర్రం?"

"గుర్రం అడగలేదు."

 నేను వచ్చేశాను. మధ్యాహ్నం చూస్తే ఆయనే ఒక తలుపు భుజానికెత్తుకుని బయటికి మోస్తున్నాడు. "టార్పాలిన్ గట్టిగా కట్టాలి, వానకు తడిస్తే ఊరుకోను" అన్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. ప్రతిదాన్నీ ఎక్కడ పెట్టామో నాకు చూపించి, అవునా కాదా అని ఒప్పించుకుని మరీ పెట్టాడు. "ఒక్క రాత్రికే కదా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు చెప్పు హిల్లాకు.

అమ్మ.


హెర్వంతా,
మే 20.

అమ్మా,

చెప్పాను. అప్పటి నుంచి సంచి భుజాన వేసుకునే తిరుగుతోంది. "అమ్మమ్మ ఇల్లు బాగయిపోయింది" అని మెట్ల మీద కనిపించిన వాళ్ళందరికీ చెబుతోంది. నేనూ తాపియో గడ్డి మీద గుడారం వేసుకుంటాం. పెద్దింట్లోకి పిల్లను తీసుకెళ్ళను, నన్ను అడగొద్దు.

ఒక్క రాత్రికేనా?

విర్పి.


హెర్వంతా,
జూన్ 30.

అమ్మా,

వచ్చిన మర్నాడే రాయాల్సింది. 

హిల్లా డేకేర్‌లో ఏం చెప్పిందో విను. "మా అమ్మమ్మ ఇంట్లో అసలేం లేవు! అమ్మమ్మ ఉంటుంది, అంతే!" టీచరు నన్ను పక్కకు పిలిచి, "మీ అమ్మగారికి ఇబ్బందేమీ లేదు కదా?" అని మెల్లగా అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పెద్దింటి గురించి హిల్లా ఒక్కటే అడిగింది. "అది ఎవరిది?" తాతయ్యదన్నాను. "అంత పెద్ద ఇంట్లో ఒక్కడేనా?" అంది.

నువ్వు దానికి ఆవిరి స్నానం చేయించి, సరస్సులో ముంచి తీసినప్పుడు అది పెట్టిన కేక నాకు గుడారం దాకా వినిపించింది. తర్వాత బల్ల మీద పడుకుని మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పనంటోంది. "అది నా కానుక, నీకెందుకు?" అంటోంది.

నాన్న గుర్రాన్ని మోసుకుంటూ దిగుతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను, నువ్వు చూసే ఉంటావు. చెవి అతికించాడు, రెండో చెవి కంటే పెద్దదైంది. హిల్లా పొద్దుటంతా దాని మీద ఊగి, వచ్చేముందు దిగి, "తాతయ్యా, దీన్ని ఇక్కడే ఉంచు. మా ఇంట్లో పట్టదు, అమ్మకు ఊపిరాడదు" అంది. నేను ఎక్కడ చూడాలో తెలీక సరస్సు వైపు చూశాను. నాన్న తలూపాడు. నాకోసం ఆయన తలూపడం నేనెప్పుడూ చూడలేదు. మీరు అటు ఉన్నప్పుడు ఆ ఇంటి మెట్ల దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి వచ్చేశాను.

ఇదంతా సరే. నిన్న ఫోను చేశాను, ఆగలేకపోయాను. ఈసారి నాన్న ఎత్తాడు. నిన్ను పిలవమన్నాను.

"అమ్మ కింద ఉంది" అన్నాడు.

"కింద అంటే? దేని కింద? నాన్నా!"

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. వెంటనే ఔలిస్‌కు ఫోను చేశాను. "బాగానే ఉందమ్మా, ఇప్పుడే బట్టలు ఆరేస్తుంటే చూశాను" అన్నాడు. అప్పుడు గానీ ఫోను పెట్టలేదు. ఏం జరుగుతోంది అక్కడ?

విర్పి.


సౌనా, సరస్సు ఒడ్డు,
రౌతలంపి, జూలై 5.

విర్పీ,

కింద అంటే ఒడ్డున. భయపెట్టాం నిన్ను.

మీరు వెళ్ళిన రోజు నేల తుడవడానికి ఇక్కడ ఆగాను. తుడిచేసరికి తడిగా ఉంది, ఆరేదాకా మెట్టు మీద కూర్చున్నాను. ఆరాక లోపలికి వెళ్ళి బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాను. కాళ్ళు చాపుకుని విర్పీ. లేచేసరికి తెల్లవారింది. ఆ రోజు కూడా పైకి వెళ్ళలేదు. తర్వాత వెళ్ళాను, నా బట్టలు, ఒక గిన్నె, రెండు పళ్ళేలు, రెండు చెంచాలు తెచ్చుకోవడానికి. మీ నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఒక్క రాత్రి అన్నావు" అన్నాడు.

"అన్నాను."

"మరి?"

"నాకు అక్కడ ఊపిరాడుతోంది కాలెర్వో."

అలిగి కొన్నాళ్ళు రాలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చాడు, చేతుల్లో పాత కరెంటు దీపపు స్టాండు. "నీకు వెలుతురు కావాలి కదా" అన్నాడు. జూన్ నెలలో, రాత్రి కూడా చీకటి పడని రోజుల్లో! "నువ్వు రా, అది బయటే ఉండాలి" అన్నాను. దాన్ని వదిలి రాలేక, పట్టుకుని నిలబడీ నిలబడీ వెళ్ళిపోయాడు.  ఆయన దిగులుగా పైకి ఎక్కుతుంటే వెనక్కి పిలవబోయాను కూడా. పిలిస్తే ఆ స్టాండుతో పాటే లోపలికి వస్తాడు, ఆ తర్వాత ఇంకొకటి వస్తుంది. నోరు నొక్కుకుని కూర్చున్నాను. ఇది విడుదలో, ఇంకో రకం చెరో నాకు ఇంకా తేలలేదు. ఇక్కడి కిటికీలోంచి చూస్తే ఆ ఇల్లే కనిపిస్తుంది. ఆయన ఎక్కడైనా పడిపోయాడేమోనని రోజంతా చూస్తూనే ఉంటాను.

నువ్వు రమ్మంటావు, తెలుసు. చలికాలం వస్తే ఏం చేస్తానో నాకూ తెలీదు. ఈ పొయ్యి మాత్రం బాగా రాజుకుంటుంది.

మొన్న గురువారం బఠాణీ సూపు వండాను. వాసన పైకి పోయినట్టుంది. ఖాళీ చేతులతో దిగి వచ్చాడు. లోపల కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళ మీద పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాగుంది సూపు" అన్నాడు. ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "ఇర్యా, నా గొంతేంటి ఇంత గట్టిగా వినిపిస్తోంది?"

"గదిలో ఏమీ లేవు కదా. అందుకు."

పైన ఆ కాగితాల మధ్య ఇన్నేళ్ళూ మేం మాట్లాడుకున్నదంతా ఎటు పోయిందో అనిపించింది నాకు. ఆయన మళ్ళీ "ఇర్యా" అన్నాడు, ఏమీ చెప్పడానికి కాదు, ఎలా వినిపిస్తుందో చూడ్డానికి. ఊఁ అన్నాను. ఇంకోసారి అన్నాడు.

నిన్న సాయంత్రం కూడా వచ్చాడు. చొక్కా ఒక వైపు కిందికి జారినట్టుంటే జేబు తడిమాను. తుప్పు పట్టిన తలుపు బందు ఒకటి.

"చిన్నదే కదా" అన్నాడు.

దాన్ని తీసి బయట మెట్టు మీద పెట్టాను. కూర్చుని తిన్నాడు, పళ్ళెం తనే కడిగాడు. వెళ్ళేటప్పుడు వంగి ఆ బందు తీసుకుని, జేబులో వేసుకుని, "రేపు సూపు ఉందా?" అని అడిగాడు.

ఉందన్నాను.

మీ అమ్మ.